మొక్కై వంగనిది మానై వంగుతుందా?

"మొక్కై వంగనిది మానై వంగునా" అని ఒక సామెత. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని ఇంకోటి. రెండూ చెప్పేది ఒకటే, మనిషి చిన్నప్పుడే తయారైపోతాడు, ఆ తర్వాత మార్చడానికి పెద్దగా ఏమీ మిగలదు అని. ఈ నమ్మకం మనలో ఎంతగా నాటుకుపోయిందంటే అయిదేళ్ల పిల్లాణ్ని చూసి "వీడు మొండివాడు, వీడింతే" అనేస్తాం, అరవై దాటిన మనిషిని చూసి "ఈ వయసులో ఇంకేం మారతాడు" అనేస్తాం. మధ్య వయసు వాళ్ల గురించి అయితే అసలు ఆలోచించం కూడా, పెద్దవాళ్లయిపోయారు కదా, ఎదుగుదల పని అక్కడితో అయిపోయింది అన్నట్టు ఉంటాం.

సామెత పూర్తిగా తప్పు కాదు. కానీ అది ఎంతవరకు నిజమో తేలాలంటే ఒకే మనుషుల్ని చిన్నప్పటి నుంచి ముసలితనం దాకా చూడాలి, అంటే మొదలుపెట్టినవాళ్లు ఫలితం చూడకుండానే పోయేంత పొడవైన పని. స్కాట్లండ్‌లో అలాంటివి రెండు జరిగాయి, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా విషయం బయటపడుతుంది.

మొదటిది తెలివితేటల గురించి. 1932 జూన్ 1న ఆ దేశంలో 1921లో పుట్టిన పిల్లలకి, అంటే ఆ రోజు బడికి వచ్చిన దాదాపు 87,000 మందికి, ఒకే పరీక్ష పెట్టారు. ఆ కాగితాలు దశాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయి. ఇయాన్ డియరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటి పరిశోధకులు వాటిని బయటికి తీసి, అబర్డీన్‌లో ఇంకా బతికున్నవాళ్లలో కొందరిని వెతికి పట్టుకుని, 1998లో, అంటే 66 ఏళ్ల తర్వాత, అదే పరీక్ష మళ్లీ రాయించారు. పదకొండేళ్లప్పుడు ముందున్నవాళ్లు చాలావరకు 77 ఏళ్లప్పుడూ ముందే ఉన్నారు. అందరూ కాదు, పైకి వచ్చినవాళ్లూ కిందికి జారినవాళ్లూ ఉన్నారు, అయినా మొత్తం మీద వరుస బాగానే నిలిచింది. ఎడిన్‌బరా వైపు ఎనభయ్యో ఏటికి దగ్గర్లో అదే పరీక్ష రాసిన ఇంకో గుంపులో అయితే సగటు మార్కులు పదకొండేళ్లప్పటికన్నా పెరిగాయి కూడా.

రెండోది స్వభావం గురించి. 1950లో పద్నాలుగేళ్ల పిల్లలు 1,208 మంది గురించి వాళ్ల టీచర్లని అడిగారు: ఆత్మవిశ్వాసం ఎంత, పట్టుదల ఎంత, మూడ్ నిలకడగా ఉంటుందా, బాధ్యతగా ఉంటారా, కొత్తగా ఆలోచిస్తారా, నేర్చుకోవాలన్న తపన ఉందా అని. వాళ్లకి 77 ఏళ్లు వచ్చాక 174 మంది మళ్లీ దొరికారు. ఈసారి వాళ్లే తమ గురించి చెప్పారు, వాళ్లని బాగా ఎరిగినవాళ్ల చేత కూడా చెప్పించారు. 2016లో వచ్చిన ఫలితం ఏమిటంటే, పద్నాలుగేళ్లప్పుడు టీచరు చూసిన పిల్లవాడికీ ఇప్పుడు కూర్చున్న ఈ పెద్దాయనకీ మధ్య సంబంధం దాదాపు కనపడలేదు. ఇది చిన్న గుంపు, పైగా అప్పుడు అంచనా వేసింది ఒకరు ఇప్పుడు వేసింది ఇంకొకరు, కాబట్టి మనిషి మొత్తం మారిపోతాడని దీన్నిబట్టి తేల్చేయకూడదు. కానీ "వీడింతే" అనే మాటకి ఇంతకన్నా గట్టి ఎదురుదెబ్బ దొరకడం కష్టం.

అంటే మనిషిలో తెలివితేటలేమో అరవై ఏళ్లు దాటినా చాలావరకు నిలిచినట్టు, స్వభావమేమో గుర్తుపట్టలేనంతగా మారినట్టు కనిపించింది. అసలు పొరపాటు మనం మనిషిని ఒకే ముద్దగా చూడడంలో ఉంది. పెరగడం, పాతిక దగ్గర శిఖరం, కొంతకాలం నిలకడ, ఆ తర్వాత దిగుడు అని ఒకే గీత గీసేస్తాం. నిజానికి ఎముకది ఒక లెక్క, మాటది ఒక లెక్క, భయానిది ఒక లెక్క, ఓర్పుది ఇంకో లెక్క. ఒకటి దిగుతున్న ఏడాదిలోనే ఇంకోటి ఎక్కుతూ ఉంటుంది.

చిన్నతనం దగ్గర మాత్రం సామెతకి బలం ఉంది, అది ఒప్పుకోవాలి. పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో పావు వంతు బరువు ఉంటుంది, రెండేళ్లకే ముప్పావు దాటుతుంది, ఆరేళ్లకి దాదాపు తొంభై శాతానికి చేరుతుంది. పసివాళ్ల తల శరీరంతో పోలిస్తే అంత పెద్దగా కనిపించడం ఊరికే కాదు. ఇంతకన్నా ఆశ్చర్యమైన సంగతి లోపల జరుగుతుంది. మొదటి రెండు మూడేళ్లలో నరకణాల మధ్య కనెక్షన్లు అవసరానికి మించి పుట్టుకొస్తాయి, పెద్దవాళ్ల మెదడులో కన్నా ఎక్కువగా, ఆ తర్వాత వాడుతున్నవి బలపడతాయి, వాడనివి రాలిపోతాయి. పీటర్ హటెన్‌లోకర్ అనే పిల్లల నరాల వైద్యుడు 1970లలో మైక్రోస్కోప్ కింద ఈ కనెక్షన్లని లెక్కపెట్టి చూపించాడు. పుట్టిన కొన్ని నెలల పాటు బిడ్డ ప్రపంచంలోని ఏ భాషలోని శబ్దాన్నయినా వేరు చేసి పట్టుకోగలదు, ఏడాది నిండేసరికి చుట్టూ వినపడని శబ్దాల మధ్య తేడా వినిపించడం తగ్గిపోతుంది, తన చుట్టూ వినపడే భాష మీద మాత్రం చెవి పదునెక్కుతుంది. అంటే ఎదగడం అంటే ఎప్పుడూ కొత్తది చేరడమే కాదు, కొంత వదులుకోవడం కూడా, అది మొదటి పుట్టినరోజు లోపలే మొదలవుతుంది.

పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందన్నదానికి జాన్ పియాజే పేరు చెప్పకుండా కుదరదు. పెద్దవాళ్ల బుద్ధికి చిన్న సైజు కాపీ కాదు పిల్లల బుద్ధి, వాళ్లు ఆలోచించే తీరే వేరు అని ఆయన చూపించాడు. ఆడుకునే వస్తువు మీద గుడ్డ కప్పితే ఆరేడు నెలల బిడ్డ దాన్ని వెతకదు, ఇంకొన్ని నెలలు పోతే గుడ్డ లాగి మరీ తీసుకుంటుంది, కనపడనిది కూడా ఉంటుందని అప్పటికి తెలుస్తుంది అన్నాడు. 1980లలో రెనే బయార్జియన్ చేసిన ప్రయోగాల్లో తేలింది ఇంకోటి: చేత్తో వెతకలేని నాలుగైదు నెలల పిల్లలు కూడా, దాచిన వస్తువు ఉండాల్సిన చోట లేనట్టు చూపిస్తే ఎక్కువసేపు కళ్లార్పకుండా చూస్తారు. పిల్లలకి తెలిసింది ఎక్కువ, చేసి చూపించగలిగింది తక్కువ అన్నమాట. తప్పటడుగుల వయసులోనే కాదు, పదిహేనేళ్లప్పుడు కూడా ఇదే తంతు ఇంకో రూపంలో కనిపిస్తుంది, అక్కడికి వద్దాం.

అంతకన్నా ముందు ఒక బాధాకరమైన అధ్యయనం గురించి చెప్పుకోవాలి. 1989లో రుమేనియాలో పాత ప్రభుత్వం కూలిపోయాక అక్కడి అనాథాశ్రమాల్లో వేలాది పిల్లలు ఎత్తుకునే చేతులు లేకుండా పెరుగుతున్నారని బయటపడింది. తిండి, పడక ఉన్నా పలకరింపు లేదు. 2000 తర్వాత బుకారెస్ట్‌లో 136 మంది పిల్లల్లో కొందరిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకి ఇచ్చి, మిగతావాళ్లు ఆశ్రమాల్లోనే ఉండగా రెండు గుంపుల్నీ ఏళ్ల తరబడి పోల్చి చూశారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు చాలా విషయాల్లో కోలుకున్నారు, కానీ ఎప్పుడు వెళ్లారన్నది ముఖ్యం అయింది, రెండేళ్ల లోపు వెళ్లినవాళ్లు ఆ తర్వాత వెళ్లినవాళ్లకన్నా బాగా కోలుకున్నారు. మొక్కగా ఉన్నప్పటి సంగతి అంటే ఇదే. ఇక్కడ వయసుకి నిజంగా విలువ ఉంది, ఆలస్యమైతే ఖరీదు పిల్లలే కడతారు.

అయితే ఇదే కథ అందరికీ కాదు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు చూసింది. పేదరికం, తాగుడు, గొడవలు, పుట్టుకలో ఇబ్బందులు, ఇలా చాలా కష్టాలు ఒకేసారి మీద పడిన పిల్లల్లో మూడింట ఒక వంతు మంది చక్కగా, బాధ్యత తెలిసిన మనుషులుగా ఎదిగారు. వాళ్లలో ఎక్కువగా కనిపించిన సంగతి ఏమిటంటే, తల్లీతండ్రీ కుదరకపోయినా ఎవరో ఒక పెద్ద మనిషి, అవ్వో తాతో టీచరో పక్కింటావిడో, ఆ పిల్లకి నిలకడగా తోడుండడం. ఇంకో మాట కూడా ఉంది, దాన్ని జనం తక్కువగా చెప్పుకుంటారు: టీనేజ్‌లో దారి తప్పినవాళ్లలో కూడా చాలామంది ఇరవైల్లో ముప్పైల్లో మళ్లీ గాడిలో పడ్డారు, ఒక మంచి పెళ్లి, ఒక ఉద్యోగం, మళ్లీ చదువుకునే అవకాశం వాళ్లని మలుపు తిప్పాయి.

బడి వయసు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆరు నుంచి పదకొండు దాకా పైకి నిదానంగా కనిపించే కాలం అది, లోపల మాత్రం లెక్క, చదువు, నియమం, న్యాయం అనే మాటలు కుదురుకుంటాయి, తోటివాళ్లతో పోల్చుకోవడం మొదలవుతుంది. మూడు మూడున్నర ఏళ్ల లోపు జ్ఞాపకాలు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ ఉండవు కానీ ఈ వయసువి మాత్రం మిగులుతాయి.

ఆ తర్వాత టీనేజ్. ఇక్కడ పెద్దవాళ్లు పిల్లలకి చేసే అన్యాయం కొంచెం ఎక్కువే. అంత ఎత్తు పెరిగారు, గొంతు మారింది, తర్కంలో మనల్నే ఓడిస్తున్నారు, మరి ఇంత తెలివితక్కువ పని ఎలా చేశారు అని కోప్పడతాం. లోపల జరిగేది చూస్తే కోపం కొంత తగ్గుతుంది. సరదాకీ మెప్పుకీ ఉవ్విళ్లూరే మెదడు భాగాలు యుక్తవయసు హార్మోన్లతో పాటే వేగం అందుకుంటాయి, ఆగి ఆలోచించే నుదుటి వెనక భాగం మాత్రం పాతికేళ్ల దాకా కుదురుకుంటూనే ఉంటుంది. 2005లో లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఒకటి ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు టీనేజ్ పిల్లలు తీసుకున్న రిస్క్‌కీ పెద్దవాళ్లు తీసుకున్నదానికీ పెద్ద తేడా లేదు. స్నేహితులు పక్కన నిలబడగానే పిల్లల రిస్క్ బాగా పెరిగిపోయింది, పెద్దవాళ్లది మారలేదు. అంటే వాళ్లకి ప్రమాదం తెలియక కాదు. తెలిసింది ఎక్కువ, ఆ క్షణంలో చేయగలిగింది తక్కువ, గుడ్డ కింద వస్తువు చూసిన ఆ పసిబిడ్డ లాగే. కాబట్టి ప్రమాదం గురించి ఉపన్యాసం ఇవ్వడంకన్నా, ఎవరితో ఎక్కడ ఏ టైమ్‌లో ఉంటున్నారు అన్నది చూడడం ఎక్కువ పనికొస్తుంది. నిద్ర సంగతీ అంతే, ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా వస్తుంది, అర్ధరాత్రి దాకా మేలుకుని పొద్దున లేవలేకపోవడంలో ఫోన్ పాత్ర ఉన్నా అంతా బద్ధకం మాత్రం కాదు.

ఇక ఇరవైల నుంచి నలభైల దాకా. ఎదుగుదల ఇక్కడితో ఆగిపోతుందని అందరూ అనుకునే ఈ కాలంలోనే స్వభావం అన్నిటికన్నా ఎక్కువగా మారుతుంది, ఇది చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. బ్రెంట్ రాబర్ట్స్ బృందం 2006లో 92 దీర్ఘకాల అధ్యయనాల్ని కలిపి చూస్తే, మనుషులు వయసుతో పాటు సగటున ఎక్కువ బాధ్యతగా, ఎక్కువ నిబ్బరంగా మారుతున్నారని తేలింది, అందులోనూ ఇరవై నుంచి నలభై మధ్య ఈ మార్పు ఎక్కువ. వయసు అంకె దానంతటదే చేసే పని కాదు ఇది. మన మీద ఆధారపడేవాళ్లు ఉండడం, టైమ్‌కి చేయాల్సిన పని ఉండడం, మన కోపం వల్ల ఇంకొకరు నిజంగా బాధపడడం కళ్లారా చూడడం, ఇవి రోజూ కొంచెం కొంచెంగా మనిషిని మలుస్తాయి. బాధ్యత తెలిసొచ్చాక బాధ్యత అప్పగిస్తాం అని పెద్దవాళ్లు అంటుంటారు కానీ చాలాసార్లు వరుస తిరగబడే ఉంటుంది, అప్పగించాకే తెలిసొస్తుంది.

మరి ఇంత మారుతున్నా మనకెందుకు తెలియదు? 2013లో జోర్డీ క్వాడ్‌బాక్, డేనియల్ గిల్బర్ట్, టిమొతీ విల్సన్ 19,000 మందికి పైగా మనుషుల్ని అడిగారు, కొందరినేమో గత పదేళ్లలో మీరెంత మారారు అని, ఇంకొందరినేమో రాబోయే పదేళ్లలో ఎంత మారతారు అని. ఏ వయసులోనైనా వెనక్కి చూసినవాళ్లు చాలా మారాం అన్నారు, ముందుకు చూసినవాళ్లు ఇక పెద్దగా మారం అన్నారు. ముప్పై ఏళ్లవాళ్లు తాము మారబోరని చెప్పిన దశాబ్దంలో ఎంత మార్పు వచ్చిందో నలభై ఏళ్లవాళ్లు చెబుతున్నారు, ఆ నలభై ఏళ్లవాళ్లే మళ్లీ యాభై గురించి అదే పొరపాటు చేస్తున్నారు. ఇప్పుడున్న నేనే అసలు నేను అనిపించడం అందరికీ ఉండే భ్రమ. ఆ భ్రమలోనే జీవితమంతటికీ సరిపోయే నిర్ణయాలు తీసేసుకుంటాం.

నడివయసులో శరీరం తన లెక్క చెప్పడం మొదలుపెడుతుంది. నలభై దాటాక చత్వారం దాదాపు అందరికీ వస్తుంది, కంటిలోని కటకం బిగుసుకుపోవడం వల్ల దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. ఎముక గట్టిదనం ముప్పై దగ్గరే పై మెట్టు చేరి ఉంటుంది, కండ కూడా ఆ తర్వాత పదేళ్లకి కొన్ని శాతాల చొప్పున తగ్గుతూ వస్తుంది. కొత్త చిక్కుని వేగంగా విప్పే శక్తి ఇరవైల నుంచే మెల్లగా తగ్గుతుంది. కానీ పదసంపద, లోకజ్ఞానం, పని మీద పట్టు మాత్రం యాభై అరవైల దాకా పెరుగుతూనే ఉంటాయి. వార్నర్ షాయ్ 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి దశాబ్దాలు నడిపిన అధ్యయనంలో చాలా సామర్థ్యాలు నడివయసులోనే పై స్థాయిలో కనిపించాయి. పేరు వెంటనే గుర్తు రాకపోతే "అయిపోయింది నా పని" అని టెన్షన్ పడేవాళ్లు ఈ రెండో సగం చూసుకోరు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక గొడవ విని వెంటనే తీర్పు చెప్పేస్తాడు, యాభై ఏళ్ల మనిషి అలాంటివి ఇరవై చూసి ఉంటాడు కాబట్టి ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఆ ఆగడాన్ని మందకొడితనం అనుకోవడం తప్పు.

ముసలితనం గురించి మన ఊహ అన్నిటికన్నా పాతబడింది. వినికిడి తగ్గుతుంది, మోకాళ్లు మొరాయిస్తాయి, తోటివాళ్లు ఒక్కొక్కరే పోతుంటారు, ఇవన్నీ నిజమే, తేలిక చేయాల్సినవి కావు. అయినా మనసు సంగతి చూస్తే లెక్క వేరేలా వస్తుంది. లారా కార్‌స్టెన్సన్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో పెద్దవాళ్లు యువకులకన్నా తక్కువ కోపంతో, తక్కువ ఆందోళనతో రోజులు గడుపుతున్నట్టు కనిపించింది. ఆవిడ చెప్పే కారణం ముందున్న కాలం. చాలా కాలం మిగిలి ఉందనుకున్నప్పుడు మనిషి కొత్త పరిచయాలు, కొత్త సమాచారం పోగేస్తాడు, తక్కువ మిగిలిందని తెలిసినప్పుడు మనసుకి దగ్గరైనవాళ్ల మీదే టైమ్ పెడతాడు. దీనికి వయసే అక్కర్లేదు, పెద్ద జబ్బు చేసిన యువకుల్లోనూ ఇదే మార్పు కనిపించింది. తాత పదిమందిలోకి రావడం తగ్గించాడంటే దిగులే కారణం కానక్కర్లేదు, ఎంచుకుంటూ ఉండవచ్చు. రాత్రింబవళ్లు ముభావంగా ఉంటే, ఇష్టమైన మనుషులు కూడా వద్దంటుంటే అది వేరే సంగతి, దాన్ని వయసు కింద రాసేయకుండా డాక్టరుకి చూపించాలి. చెవుడు వల్ల మాట కలపలేక దూరం జరుగుతున్నారేమో అదీ చూడాలి. ముసలితనంలో జ్ఞాపకశక్తినీ ఆలోచననీ దెబ్బతీసే డిమెన్షియా మీద 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ ఇచ్చిన నివేదిక అడ్డుకోదగ్గ 14 కారణాల్లో వినికిడి లోపాన్ని, ఒంటరితనాన్ని కూడా చేర్చింది.

పియానో కళాకారుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్ ఎనభై ఏళ్ల వయసులో కూడా అంత బాగా ఎలా వాయించేవాడో పాల్ బాల్టెస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తరచూ ఉదాహరణగా చెప్పేవాడు. తక్కువ రచనలు ఎంచుకునేవాడు, వాటినే ఎక్కువ సాధన చేసేవాడు, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కొంచెం నెమ్మదించేవాడు, దాంతో ఆ తర్వాతది ఇంకా వేగంగా వినిపించేది. వేళ్లు నెమ్మదించాయి, కళ పెరిగింది. ఇలాంటి సర్దుబాటు ప్రతి పెద్ద మనిషీ ఏదో ఒక పనిలో చేస్తూనే ఉంటారు, పక్కవాళ్లకి కనపడదంతే.

మనిషి జీవితమంతా ఎదుగుతాడని గట్టిగా చెప్పినవాళ్లలో ఎరిక్ ఎరిక్సన్ ముందుంటాడు. పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎనిమిది దశలని ఆయన 1950లో రాసినప్పుడు ఆయన వయసు యాభై కూడా లేదు. ఆ పనిలో చివరిదాకా తోడున్న ఆయన భార్య జోన్, తాను తొంభై దాటాక, ఆ ఎనిమిదీ చాలవని తొమ్మిదో దశ చేర్చింది. శరీరం మాట వినడం మానేశాక మనిషి నమ్మకం, స్వతంత్రం లాంటి మొదటి దశల పాఠాల్ని మళ్లీ ఎదుర్కోవాల్సి వస్తుందని ఆవిడ రాసింది. అక్కడికి చేరితే తప్ప ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

శరీరం కూడా అంత సులువుగా చేతులెత్తేయదు. 1990లో మరియా ఫియాటరోన్ బృందం బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్లున్న, బాగా బలహీనపడిన పదిమంది చేత కాళ్లతో బరువులు ఎత్తించింది, ఎనిమిది వారాల పాటు. పూర్తి చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టి నడిచారు. వ్యాయామం ఆపేసిన నాలుగు వారాలకి ఆ బలంలో దాదాపు మూడో వంతు మళ్లీ పోయింది.